యజమానుడు లేని బొమ్మలు

గత సంక్రాంతి సెలవులలో మా యింట జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసము నారంభించుచున్నాము. దేశమున నిన్ని పెద్ద సమస్యలుండగా బొమ్మల ముచ్చట యేల యని కొందఱు పాఠకులు తలపవచ్చును. వారు కొంచె మోపికపట్టి చదువగోరుచున్నాము. ఇందు బొమ్మలతోపాటు ఆస్తి సంగతియు గలదు, ఆకలి సంగతియు గలదు.

రాత్రి భోజనములైన పిమ్మట మా మేనల్లుడు సెల్‌ఫోను చేతబట్టుకొని మా ప్రక్కకు జేరి, "మామయ్యా, నీ చిన్నప్పుడు ఏ కార్టూన్లు చూసేవాడివి?" అని యడిగెను. టాము, జెర్రీల పేరు చెప్పితిమి. ఆ పిల్లియు, ఎలుకయు వానికిని చుట్టములే. కాని మాకు పేరైన తెలియని బొమ్మ వేఱొకటి కలదనియు, దానిని మరల నొక్కసారి చూడవలెనని యెన్నియేండ్ల నుండియో కోరిక యనియు జెప్పితిమి. పిల్లవాడు వదలలేదు. ఆ కథ చెప్పుమని పట్టుబట్టెను.

అది 1989వ సంవత్సరము. తెనాలికి దాపున నున్న మా గ్రామములో టెలివిజను పెట్టెలు రెండో మూడో యుండెడివి. పండుగనాడు పెద్దలు నలుగురు చందా వేసికొని తెనాలి నుండి వీసీఆరును, 'మాయాబజారు' కేసెట్టును ఒక్క రాత్రికి అద్దెకు దెచ్చిరి. అంగడివాడు పిల్లల కొఱకని కొసరుగా కార్టూనుల కేసెట్టు నొకదానిని గూడ నిచ్చెను. దానిపై చీటీ చినిగిపోయి యుండెను. మా పెదనాన్నగారి యరుగుమీద నలుపు తెలుపుల డయనోరా పెట్టె నుంచి, ముందు పిల్లల బొమ్మలు వేసిరి. ఒక అన్నయు, చెల్లెలును చిఱుగు బట్టలతో చిన్న బండి నీడ్చుకొనుచు మంచులో కట్టెపుల్ల లేఱుకొనుచున్నారు. దారిలో రొట్టెల యంగడి యద్దముల వెనుక పేర్చిన తినుబండములను చూచుచు నిలువబడిరి. ఇంటికి బోగా తల్లి యెండిన రొట్టెముక్కలు పెట్టినది. ఇంకను ఆకలి యగుచున్నదని పిల్లవాడనగా నా తల్లి బల్లమీద తలవాల్చి యేడ్చినది. అతుకుల దుప్పటి కప్పుకొని పిల్ల లిద్దఱును నిద్రించిరి. కలలో మిఠాయిల దేశమునకు బోయిరి. వారు తినుచుండగా కరెంటు పోయినది.

మరల వచ్చునప్పటికి పదకొండు గంటలు దాటెను. పెద్దలు తొందరపడి 'మాయాబజారు' వేసిరి. ఘటోత్కచుడు వచ్చిన పిమ్మట ఆ పిల్లల గోడు పట్టించుకొనువా రెవరు? తెల్లవారగనే కేసెట్లు రెండును సైకిలెక్కి తెనాలికి బోయినవి. మాకు మాత్రము ఆ యన్నాచెల్లెండ్రు ముప్పదియైదేండ్లకు పైగా కలలోనే యుండిపోయిరి.

మేము చెప్పిన యానవాళ్లనే మా మేనల్లుడు ఇంగ్లీషున నాలుగు మాటలుగా ఫోనులో కొట్టెను. పావుగంట కాకముందే ఆ బొమ్మ మా యెదుట కదలాడుచుండెను. దాని పేరు 'సంవేర్ ఇన్ డ్రీమ్‌లాండ్' అట. 1936 జనవరిలో విడుదలయ్యెనట. మమ్ము మిక్కిలి యాశ్చర్యపఱచిన విషయము వేఱు. అది రంగుల బొమ్మ! పండుమిఱపకాయ యెఱుపును, పసుపుకొమ్ము పచ్చనయు గల ఆ మిఠాయిల దేశమును మేము బూడిదరంగున జూచి, దానినే యిన్నియేండ్లు గుండెలో దాచుకొంటిమి.

ఆ రంగులకును ఒక చరిత్ర గలదు. 'టెక్నికలర్' అను మూడు రంగుల పద్ధతిని బొమ్మల చిత్రములలో వాడుకొను హక్కును వాల్ట్ డిస్నీ తనకొక్కనికే యుండునట్లు ఒడంబడిక చేసికొనెను. 1932లో 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' అను చిత్రమున దానిని మొదట బ్రయోగించెను. 1935 కడవఱకును ఇతరులు రెండు రంగులతోడనే సరిపెట్టుకొనవలసి వచ్చెను. నీలము, ఎఱుపు, పసుపులకు గూడ గుత్తేదారు లుండిన కాలమది. ఆ గుత్త తీఱిన వెంటనే న్యూయార్కులోని ఫ్లైషర్ సోదరులు పూర్తి రంగులతో దీసిన చిత్రమే యీ పేదపిల్లల కథ. అన్న మాక్స్ ఫ్లైషర్ 1883లో క్రాకోనగరమున బుట్టి, చిన్ననాడే తలిదండ్రులతో అమెరికాకు వలసబోయినవాడు. తండ్రి దర్జీ. బెట్టీ బూప్‌ను తెఱకెక్కించినదియు, పొపాయ్ అను పత్రికాచిత్రపు నావికుని తెఱపై నడిపించినదియు ఈ సోదరులే. మనుష్యుల నిజమైన కదలికను ఫిలిముపై బట్టి, దానిమీద బొమ్మను దిద్దుకొను 'రోటోస్కోపు' యంత్రమును కల్పించినవాడును మాక్సే. ఆకలిగొన్న పిల్లలు అంగడి యద్దముల ముందు నిలుచుట యన నేమో ఇట్టివారు తెలిసికొనుటకు గ్రంథములు చదువవలసిన పనిలేదు. 1929లో ఆరంభమైన యార్థిక సంక్షోభము అమెరికా నగరములలో ఆ దృశ్యమును ప్రతివీథిలోను చూపించుచుండెను.

అయితే యజమానుల దయాగుణమునుగూర్చి మేము కవిత్వము చెప్పబోము. సెకనుకు 24 చిత్రముల చొప్పున ఫిలిము నడచును. ఒక్కొక్క బొమ్మను రెండేసిమాఱులు ఫొటో తీసినను, ఏడు నిముషముల కార్టూనునకు అయిదువేలకు బైగా బొమ్మలు కావలెను. ఒకరు గీయుదురు, ఒకరు నడిమి కదలికలు నింపుదురు, ఇంకొకరు ఆ గీతలను పారదర్శకమైన సెల్యులాయిడు ఱేకులపై సిరాతో దిద్దుదురు, మఱియొకరు వెనుకవైపున రంగు నింపుదురు. పలుచోట్ల చిత్రము ముగియగనే ఆ ఱేకులను కడిగి మరల వాడుకొనెడివారు. తక్కువ జీతములు, ఎక్కువ గంటలు. ఈ చిత్రము వెలువడిన మఱుసటి యేడు, 1937 మేలో, ఫ్లైషర్ కార్ఖానా కళాకారులు సమ్మె కట్టిరి. అది యక్టోబరు వఱకు సాగెను. అమెరికా బొమ్మల పరిశ్రమలో పెద్దసమ్మెలకు అదియే మొదటిది. తెఱమీద ఆకలిని గీసినవారు వీథిలో నిలిచి తమ యాకలిని చెప్పుకొనవలసి వచ్చెను. పిమ్మట యజమానులు కార్ఖానాను మయామీకి తరలించిరి. 1939లో 'గలివర్స్ ట్రావెల్స్', 1941 నుండి 'సూపర్‌మాన్' చిత్రములు వచ్చినవి. 1942 నాటికి పెట్టుబడి పెట్టిన పారమౌంటు కంపెనీ సోదరు లిద్దఱిని వెడలగొట్టి, కార్ఖానాను తన వశము చేసికొనెను. చిన్నచేపను పెద్దచేప మ్రింగెను.

ఇక మా కేసెట్టు సంగతి. న్యూయార్కులో 1936న దీసిన బొమ్మ తెనాలి వీడియో యంగడికెట్లు వచ్చెను? అది మా మేనల్లుని ఫోనులోనికి కాసు ఖర్చు లేక యెట్లు వచ్చెను? రెండింటికి ఉత్తర మొక్కటే. ఆ బొమ్మకు యజమానుడు లేడు.

అమెరికాలో 1909నాటి చట్టము ప్రకారము ఒక రచనపై హక్కు 28 ఏండ్లు. ఆ గడువు ముగియుచుండగా యజమాని దరఖాస్తు పెట్టుకొన్నచో మఱి 28 ఏండ్లు. పెట్టుకొననిచో అది లోకుల సొత్తు. పారమౌంటువారు 1955 ప్రాంతమున తమ పొట్టిచిత్రములనేకము టెలివిజను వర్తకుల కమ్మివైచిరి. ఆ వర్తకులు పర్వతశిఖరపు చిహ్నమును దీసివైచి తమ పేళ్లు తగిలించిరి. అందుచే నేటికిని పెక్కు ప్రతులకు మొగము లేదు. నడుమ నుండియే యారంభమైనట్లుండును. 1964లో పేదపిల్లల బొమ్మకు గడువు దీఱినది. ఎవరును దరఖాస్తు పెట్టలేదు. కార్టూనులు పిల్లలు చూచి మఱచునవి, వానికై రుసుము కట్టి కాగితములు నింపుటెందుకని యనుకొనిరి కాబోలు! సూపర్‌మాన్ చిత్రములు పదునేడింటికిని, గలివర్ కథకును ఇదియే గతి పట్టినది. దానిని దుర్గతి యందుమా? వర్తకుడు పాఱవైచిన దానిని లోకమంతయు నెత్తికొన్నది. ఎవ్వరి యనుమతి యక్కఱలేదు గనుక ఖండఖండములలోని చిల్లర వర్తకులు వానిని కేసెట్లమీద కెక్కించిరి. ఆ ధారలో నొక బొట్టు మా పెదనాన్నగారి యరుగుమీద రాలినది.

ఆ దరఖాస్తు పెట్టియుండినచో నేమయ్యెడిదో లెక్కచూచితిమి. అమెరికా శాసనసభ 1998లో గడువును మఱి యిరువదియేండ్లు పొడిగించెను. పెద్ద కంపెనీలు గట్టిగా బ్రయత్నింపగా జరిగిన పొడిగింపది. దానిచే పాతచిత్రములకు మొత్తము 95 ఏండ్ల హక్కు సిద్ధించినది. మిక్కీ ఎలుక తొలినాళ్ల 'స్టీమ్‌బోట్ విల్లీ' 1928 నాటిది. అది లోకుల పాలగుటకు 2024 జనవరి 1 వఱకు వేచియుండవలసి వచ్చెను. పేదపిల్లల బొమ్మయు నట్లే 2032 జనవరి 1 వఱకు తాళముక్రింద నుండెడిది. మా తల్లిగారి వయస్సు ఎనుబదికి చేరువైనది. కంపెనీల గడువులు కంపెనీలకే గాని మనుష్యుల యాయువునకు సరిపడవు.

ఇంతకును ఆ తాళము సొత్తును కాపాడినదా? అదియును లేదు. మిక్కీకి ముందు డిస్నీ గీసిన 'ఓస్వాల్డ్' అను కుందేలు చిత్రములు 26. వాని హక్కు ఆనాడు యూనివర్సల్ కంపెనీదిగా నుండెను. మూకీచిత్రముల కాలము దాటగనే వానిలో ననేకము రూపుమాసిపోయినవి. వానిలో నొకటి 2014లో నార్వే జాతీయ గ్రంథాలయమున దొరకినది. ఇంకొకటి 2015లో బ్రిటిషు ఫిల్ము సంస్థ భాండాగారమున దొరకినది. మూడవదాని కథ చిత్రముగా నుండును. జపానులో నొక బాలుడు ఒసాకాలోని యాటబొమ్మల టోకు వర్తకుని యొద్ద చిన్న ఫిలిముచుట్ట గొనెను. దానిపై మిక్కీ పేరున్నది. డెబ్బదియేండ్లు దానిని పదిలపఱచెను. పెద్దవాడై, బొమ్మల చిత్రముల చరిత్రకారుడై, 2018లో ఆ మిక్కీ మిక్కీ కాదనియు, పోయినదని లోకమనుకొన్న 1928నాటి కుందేలనియు దెలిసికొనెను. హక్కుదారుడు పోగొట్టినదానిని ముచ్చటపడిన పిల్లవాడు నిలిపెను.

నేటి వ్యాపారులు పూర్వులకన్న మెఱుగని చెప్పుటకు వీలులేదు. వార్నర్ కంపెనీవారు తమ యిల్లాలి నగలవలె మురియవలసిన 'లూనీ ట్యూన్స్' పాతచిత్రములను, నెలనెలకు చందా కట్టించుకొను తమ సొంత ప్రసారమునుండి 2022 కడపట కొన్నింటిని, 2025 మార్చిలో మిగిలినవానిని తొలగించిరి. చందా కట్టినవాడు రాత్రి చూచినది తెల్లవారునప్పటికి లేదు. మా తెనాలి యంగడివాడే నయము. తెల్లవారగనే తిరిగి తీసికొందునని ముందే చెప్పెను.

ఈ యన్యాయమునకు ఎదురు నిలిచినవి ఉచిత భాండాగారములు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1996న స్థాపితమైన 'ఇంటర్నెట్ ఆర్కైవ్' యందు యజమానుడు లేని బొమ్మలు రాశులుగా గలవు. పాతఫిలిములు సేకరించు అభిమానులు తమ సొంత డబ్బుతో వానిని శుభ్రపఱచి యందఱకు బంచుచున్నారు. మన 'చందమామ' పాతసంచికలను పుటపుటయు స్కాను చేసి తోటివారికందించిన తెలుగు పాఠకులును ఈ కోవలోనివారే. హక్కు తీఱని సొత్తును గూడ కొందఱు అంతర్జాలమున నెక్కించుచున్నారు. దానిని మేము సమర్థింపము. ఒకరి చేను గట్టు తెగినదని పశువులను తోలుట న్యాయము గాదు. కాని గడువు తీఱినదానిని, పాడుబడిన దానిని నిలుపుట దొంగతన మనువారి మాటను మేమంగీకరింపము.

పాతదంతయు బంగారమని మా యభిప్రాయము కాదు. ఆ చిత్రములలో నల్లవారిని వెక్కిరించు బొమ్మలు విస్తారముగా గలవు. టాము, జెర్రీల యింటిలోని నల్లజాతి పరిచారిక మాటతీరు మనము పసితనమున గమనింపలేదు. ఇప్పుడు చూడగా సిగ్గు కలుగును. 1960వ దశకమున కంపెనీవారు ఆమె గొంతును మార్చిరి, కొన్నింట బొమ్మనే మార్చిరి. వార్నర్‌వారి కార్టూనులు పదునొకండు ఈ కారణముననే 1968 మొదలు టెలివిజనునుండి తీసివేయబడినవి. పరాయివాని యెగతాళి యెట్లుండునో తెలిసిన జాతి మనది. పాములవాడును, మేకుల పఱుపుమీది సన్యాసియు దప్ప భారతీయుడే లేనట్లు గీసిన చేతులును అవియే. కోసివేసినచో గీసినవాని తప్పు మాసిపోవును గాని, పడినవాని నొప్పి మాయదు. ఉన్నదున్నట్లు నిలుపవలెను; పెద్దలు ప్రక్కన గూర్చుండి చెప్పవలెను. పెద్దలు ప్రక్కన నుండుటకు ఇంకొక కారణముగూడ గలదు. 2017లో అంతర్జాలమున ప్రసిద్ధమైన కార్టూను బొమ్మల వేషముతో పిల్లలకు తగని హింసయు, అసభ్యమును జొప్పించిన వీడియోలు వేలకొలది బయటపడినవి. ఫోనును పిల్లవాని చేతికిచ్చి పొలమునకో, కచ్చేరికో పోవు తండ్రులు దీనిని గమనింతురుగాక.

ఇపుడు మన యింటివైపు చూతము. దాదాసాహెబ్ ఫాల్కే 1915లోనే అగ్గిపుల్లలను కదలించి చిత్రము దీసెను, అది దక్కలేదు. 1934లో కలకత్తా న్యూ థియేటర్స్‌వారు 'పీ బ్రదర్స్' అను చిన్న కార్టూను వెలువరించిరి. స్వాతంత్ర్యానంతరము బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజనున కార్టూను విభాగ మేర్పడినది. డిస్నీ సంస్థలో పనిచేసిన క్లేర్ వీక్స్ వచ్చి మన చిత్రకారులకు శిక్షణ నిచ్చెను. 1957లో జాతకకథనుండి 'బన్యన్ డీర్' వెలువడినది. గర్భిణియైన లేడికి బదులుగా తన మెడను వధ్యశిలపై నుంచిన మృగరాజు కథ యది. 1974లో విజయా ములే, భీమ్‌సేన్‌లు తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏకతా'ను దూరదర్శనమున జూడని మా యీడువా డుండడు. హిందీ యొక్క ముక్క రాకున్నను దాని పాట మా కందఱకు కంఠస్థము! ఇంకొక విశేషము. జపాను దర్శకుడు యూగో సాకోయు, మన రామ్ మోహనును కలసి పనిచేసిన రామాయణ చిత్రము 1992లో సిద్ధమైనను దేశమున థియేటర్ల కంతగా నోచుకొనలేదు. చూచినవారు మఱువక, పాతప్రతులను చేతులు మార్చుకొనుచు కాపాడిరి. 2025 జనవరిలో అది క్రొత్తమెఱుగుతో, తెలుగు మాటలతో గూడ, థియేటర్లకు వచ్చెను.

మన దేశ చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు 60 ఏండ్లు. 1957నాటి మృగరాజు కథకు 2017తో గడువు దీఱినది. అది మొదలే ప్రజల పన్నుతో దీసినది. ఇపుడు చట్టము వలనను ప్రజలదే. ఫిల్మ్స్ డివిజను 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో గలసినది. ఆ సంస్థవారిని మేము కోరునది పెద్దపని గాదు. గడువు తీఱిన కార్టూనులను ఎవ్వరైనను దింపుకొని దాచుకొనుటకు, బడిలో వేసి చూపుటకు వీలుగా, మేలైన ప్రతులుగా నుంచవలెను. తెలుగు వ్యాఖ్యానపు ప్రతులు ఎక్కడ నున్నవో వెదకి వెలికిదీయవలెను. అవి లేనిచోట మన విశ్వవిద్యాలయములును, ఔత్సాహికులును క్రొత్తగా తెలుగు గొంతు జోడించుకొనవచ్చును. ఇక నెవరిని అడుగవలసిన పనిలేదు. పుణెలో 2003 జనవరిలో పాత నైట్రేటు ఫిలిములు అగ్నికాహుతి యయ్యెను. ఒక్క గదిలో దాచినది ఒక్క నిప్పురవ్వతో పోవును. వేయియిండ్లలో నున్నది పోదు.

సంక్రాంతి రాత్రికి మరల వచ్చెదము. బొమ్మ పూర్తియగుసరికి వంటయిల్లు సర్దుకొని మా తల్లిగారు వచ్చి కూర్చుండిరి. 1989న ఆ యరుగు చివర స్తంభమున కానుకొని చూచినవారిలో వారును ఒకరు. మేము చెప్పకమున్నే ఆ బొమ్మను గుఱుతుపట్టిరి. కండ్లజోడు సవరించుకొని, "కరెంటు పోయిన తరువాత ఏమైందిరా? పొద్దున్నే ఆ పిల్లలకు ఎవరైనా ఇంత తిండి పెట్టారా?" అని యడిగిరి. పెట్టిరని చెప్పితిమి. రొట్టెల యంగడివాడును, తోటి వర్తకులును తెల్లవారుసరికి ఆ యింటి బల్లనిండ వంటకములు పేర్చి, బట్టలును, ఆటబొమ్మలును తెచ్చియుంచిరనియు, ఇదియు కలయేమోయని పిల్లవాడు మొదట నమ్మలేదనియు జెప్పితిమి. వారు నమ్మినట్లు లేదు. మొదటినుండి వేయుమని మా మేనల్లునికి జెప్పిరి.